చెక్కకు నూనె పట్టిద్దాం



ఈ పూట మన ఇంట్లో ఉండే చెక్క సామాను గురించి మాట్లాడుకుందాం. పప్పుగుత్తి, కవ్వం, చపాతీ పీట, అప్పడాల కర్ర, కర్ర గరిటె. వాటితో పాటు పిల్లలు ఆడుకునే చెక్క బొమ్మలు. వీటిని కొంటాం. వాడతాం. కడిగి, తడి ఆరకుండానే గూట్లో పెట్టేస్తాం. ఆర్నెల్లు తిరిగేసరికి పీట వెలిసిపోతుంది. గరిటె కొస నల్లబడుతుంది. చేత్తో నిమిరితే గరుగ్గా పోగులు తగులుతాయి. పోన్లే, ఇంకోటి కొంటే సరి అనుకుంటాం.

కొననక్కర్లేదండీ. నాలుగు చెంచాల నూనె, ఒక పాత గుడ్డ, కాస్త ఓపిక ఉంటే చాలు. ఆ పీటే మళ్ళీ కళకళలాడుతుంది. అయితే ఏ నూనె పడితే ఆ నూనె పనికిరాదు. ఎలా పడితే అలా రాసినా పనికిరాదు. ఏ నూనె రాయాలి, ఎలా రాయాలి, రాశాక ఏం జాగ్రత్త పడాలి, ఇదే ఇవాళ్టి ముచ్చట.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. వార్నిష్ వేయించుకోవచ్చు కదా, ఈ నూనె గొడవ ఎందుకు అని మీకు అనిపించవచ్చు. నిజమే. మంచానికీ, బీరువాకీ, సోఫా చేతులకీ వార్నిష్ బాగానే ఉంటుంది. వార్నిష్ గానీ, మెలమైన్ పాలిష్ గానీ, పాలీయురేథేన్ (పీయూ) గానీ చెక్క మీద ఒక పొర కడతాయి. కానీ చపాతీ పీట మీద రోజూ కర్ర దొర్లుతుంది. కూరగాయలు తరిగే చెక్క మీద కత్తి పడుతుంది. పొర మీద గాటు పడిందంటే అక్కణ్ణించి పెచ్చులు లేవడం మొదలవుతుంది. ఆ పెచ్చులు ఎక్కడికి పోతాయి? పిండిలోకి పోతాయి. కూరలోకి పోతాయి.

నూనె అలా కాదు. పలచగా రాస్తే అది చెక్కలోకి ఇంకుతుంది. పైన మందంగా పొర ఉండదు కాబట్టి పెచ్చు లేవదు. ఒకచోట అరిగితే అక్కడే మళ్ళీ కాస్త రాసుకుంటే సరిపోతుంది. మొత్తం గీకి, మళ్ళీ మొదటినుంచి వేసే పని ఉండదు.

మరి లక్క సంగతేమిటి అని ఏటికొప్పాక బొమ్మలు చూసినవాళ్ళు అడుగుతారు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను మర మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. చెట్ల ఆకులు, గింజలు, బెరడుల నుంచి తీసిన రంగులను అక్కడ మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. చిన్న పిల్లల బొమ్మకు అలాంటి లక్క చాలా మంచిది. కానీ లక్క వేడికి మెత్తబడుతుంది. అందుకే దాన్ని ఉడుకుతున్న పప్పులో తిప్పే గరిటెకు వాడలేం. గరిటెకు నూనే సరైనది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఏ నూనె?

వంటింట్లో వేరుశనగ నూనె ఉందిగా, అదే రాసేస్తే పోలేదా అంటారు. రాసి చూడండి. ఆ పూటకు పీట నిగనిగలాడుతుంది. వారానికి జిడ్డు తేలుతుంది. ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. నెల తిరిగేసరికి పాత నూనె కంపు మొదలవుతుంది. కొబ్బరి నూనె రాసినా అంతే. ఆముదం రాసినా అంతే. అవి ఎన్నాళ్ళయినా నూనెగానే ఉండిపోతాయి.

మనకు కావలసింది చెక్కలోకి వెళ్ళాక గట్టిపడే నూనె. అలా గట్టిపడేది అవిసె నూనె. ఈమధ్య అందరూ వేయించి, కారప్పొడి కొట్టుకుని తింటున్నారే, ఆ నున్నటి గోధుమరంగు గింజలు. ఆ గింజల నూనె. సూపర్ మార్కెట్లో ఫ్లాక్స్ సీడ్ ఆయిల్ అంటారు. రంగుల దుకాణంలో లిన్సీడ్ ఆయిల్ అంటారు. రెండూ ఒకే గింజ నూనె. పిల్లల క్రికెట్ బ్యాటుకు రాసేది కూడా ఇదే.

ఇది ఎలా గట్టిపడుతుంది? పాలు తోడుకుని పెరుగు కావడం మనకు తెలిసిందే. అవిసె నూనె కూడా అలాగే చెక్కలో తోడుకుంటుంది. పాలకు మజ్జిగ చుక్క తోడు. ఈ నూనెకు గాలిలోని ఆక్సిజనే తోడు. పెరుగును మళ్ళీ పాలు చేయలేం. ఒకసారి గట్టిపడిన ఈ నూనె కూడా మళ్ళీ కారదు, చేతికి అంటదు.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి. నూనె ఆరడమంటే తడిబట్ట ఆరడం లాంటిది కాదు. తడిబట్టలోని నీరు ఆవిరైపోతుంది. నూనె ఎక్కడికీ పోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, అణువుకు అణువు ముడిపడి గట్టిపడుతుంది. అందుకే నూనె రాసిన వస్తువుకు గాలి ఆడాలి. అలమరలో పెట్టి తలుపు మూస్తే ఆరదు.

నమ్మకం కుదరకపోతే మీ పొయ్యి వెనక గోడ చూడండి. నూనె డబ్బా మూత చుట్టూ చూడండి. పచ్చటి జిగురులాంటి జిడ్డు కనిపిస్తుంది. సబ్బు పెట్టి రుద్దినా వదలదు. అది మీరు రోజూ వాడే పొద్దుతిరుగుడు నూనే. గాలి తగిలి సగం గట్టిపడింది. సగమే గట్టిపడింది కాబట్టి బంకగా ఉంది. అవిసె నూనె పూర్తిగా గట్టిపడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఏ నూనె ఎంత తోడుకుంటుందో అంచనా కట్టడానికి అయోడిన్ విలువ అని ఒక కొలత ఉంది. అంకె పెరిగేకొద్దీ నూనెకు గట్టిపడే గుణం పెరుగుతుందన్న మాట. కొబ్బరి నూనెకు అది 10 దగ్గర. వేరుశనగ నూనెకు 100కు అటూ ఇటూ. పొద్దుతిరుగుడు నూనెకు 130 దరిదాపుల్లో. అవిసె నూనెకు 170 పైమాటే. అంకెలు మరిచిపోయినా ఫర్వాలేదు. కొబ్బరి నూనె అట్టడుగున ఉంది, అవిసె నూనె అన్నిటికన్నా పైన ఉంది. అది గుర్తుంటే చాలు.

ఇప్పుడు కొనేటప్పుడు చూసుకోవలసిన సంగతి. రంగుల దుకాణంలో అడిగితే సాధారణంగా డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ చేతిలో పెడతారు. మరిగించిన నూనె కదా, ఇంకా మంచిదేమో అనుకోకండి. త్వరగా ఆరడం కోసం అందులో కోబాల్టు, మాంగనీసు లాంటి లోహాల లవణాలు కలుపుతారు. వాన తగలని గుమ్మం తలుపుకూ, పార పిడికీ అది వాడుకోండి. గరిటెకూ, పిల్లల బొమ్మకూ వద్దు. వాటికి పచ్చి నూనె కావాలి. అంటే ఏమీ కలపని నూనె.

అది ఎక్కడ దొరుకుతుంది? ఈమధ్య ఊరూరా కట్టె గానుగలు వచ్చాయి. అక్కడ అవిసె నూనె ఆడుతున్నారేమో అడగండి. లేదంటే తినడానికి అమ్మే అవిసె నూనె సీసా కొనుక్కోండి. సీసా మీద చదవండి. విటమిన్ ఇ కలిపామని రాసి ఉంటే అది వద్దు. నూనె పాడవకుండా ఉండటానికి దాన్ని కలుపుతారు. తినేవాళ్ళకు మంచిదే. కానీ అదే గుణం చెక్కలో నూనె గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తుంది. గానుగ నూనె అయితే కొన్ని వారాలు కదపకుండా ఉంచండి. అడుగున మడ్డి దిగుతుంది. పైన తేరిన నూనె వంచుకోండి. అది బాగా పనిచేస్తుంది.

సహజమైనది అనగానే మంచిదని నమ్మేయకండి. జీడి పెంకు నూనె ఉంది. జీడిపప్పు తీశాక మిగిలిన పెంకుల్లోంచి వచ్చేది. పలాస వైపు వాళ్ళకు దీని సంగతి బాగా తెలుసు. పడవ చెక్కకు అది పట్టిస్తే గట్టిగా కాస్తుంది. అదీ చెట్టు నుంచి వచ్చిందే. కానీ ఒంటికి తగిలితే పొక్కిపోతుంది. వంటింటి చెక్కకు దాన్ని రానివ్వకండి. వేప నూనె, కానుగ నూనె కూడా వద్దు. రెండూ చేదే, రెండూ కంపే. పైగా అవి అవిసె నూనెలా గట్టిపడవు.

సరే, నూనె తెచ్చుకున్నాం. ఇప్పుడు పని మొదలుపెడదాం. చపాతీ పీటనే తీసుకుందాం.

ముందు పీటను శుభ్రంగా కడగండి. రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. లోపల తడి ఉంటే నూనె ఇంకదు. ఆరాక ఉప్పు కాగితంతో రుద్దండి. మొదట 120 నంబరు కాగితం. తర్వాత 220 నంబరు. చెక్క మీద గీతలు ఎటు పోతున్నాయో అటే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీరలు పడతాయి. నూనె రాశాక ఆ గీరలే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

రుద్దడం అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడవండి. చెక్క పోగులు పైకి లేస్తాయి. చేత్తో నిమిరితే మళ్ళీ గరుగ్గా తగులుతుంది. కంగారు పడకండి. బాగా ఆరనిచ్చి 220 కాగితంతో తేలిగ్గా ఇంకొకసారి రుద్దండి. ఈ పని ఇప్పుడు చేస్తే, రేపు కడిగినప్పుడు పోగులు అంతగా లేవవు.

ఇప్పుడు నూనె. పాత బనీను గుడ్డ చిన్న ముక్క తీసుకోండి. ఒక చెంచా నూనె పీట మీద వేసి గుడ్డతో రుద్దండి. అంచులకూ రాయండి. అడుగునా రాయండి. పీట రెండు కొసల్లో ఎక్కువ నూనె పీల్చుకుంటుంది. చెక్క నీళ్ళు తాగేదీ, నూనె తాగేదీ ఆ కోసిన వైపు నుంచే. మామిడి చెక్క బాగా తాగుతుంది. టేకులో ముందే నూనె గుణం ఉంది కాబట్టి తక్కువ తాగుతుంది. కావాలంటే ఇంకో చెంచా వేయండి.

పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి. తర్వాత పొడిగుడ్డతో గట్టిగా తుడిచేయండి. పైన మిగిలిన నూనె ఒక్క చుక్క ఉండకూడదు. అయ్యో, రాసిందంతా తుడిచేస్తే ఏం లాభం అనుకోకండి. లోపలికి వెళ్ళినదే మనది. పైన మిగిలినది బంక అవుతుంది. చాలామంది పని చెడేది ఇక్కడే. మందంగా రాస్తే బాగా పడుతుందనుకుంటారు. మందంగా రాస్తే పైన చర్మం కట్టి, దాని కింద నూనె పచ్చిగానే ఉంటుంది. కాబట్టి పలచగా రాయండి. మిగిలింది తుడిచేయండి. ఆగండి.

ఎంతసేపు ఆగాలి? పచ్చి నూనెకు తొందర లేదు. పూతకూ పూతకూ మధ్య మూడు నాలుగు రోజులు పడుతుంది. ఎండాకాలంలో త్వరగా తోడుకుంటుంది. శ్రావణ భాద్రపదాల ముసురులో వారం దాటినా ఆశ్చర్యం లేదు. నీరెండ తగిలేచోట నిలబెట్టండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో వద్దు, పీట వంకర తిరుగుతుంది. చేయి వేస్తే జిడ్డు తగలకుండా ఉంటేనే రెండో పూత. తర్వాత మూడో పూత. ప్రతిసారీ అదే పద్ధతి. పలచగా రాయడం, తుడిచేయడం, ఆగడం.

మూడో పూత అయ్యాక కూడా వెంటనే వాడకండి. మూడు నాలుగు వారాలు గాలికి ఉంచండి. ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. నూనె వాసన పోయిందా? తెల్లకాగితం ఒత్తితే మరక పడకుండా ఉందా? నాలుగు నీటిచుక్కలు వేస్తే ముత్యాల్లా నిలబడుతున్నాయా? అయితే పీట సిద్ధమైనట్టే.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం దయచేసి జాగ్రత్తగా వినండి. ఈ ప్రసంగంలో ఇంకేది మరిచిపోయినా ఇది మరవకండి.

అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పీట మీద పలచగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు. కానీ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేశారనుకోండి. వేడికి బయటికి దారి ఉండదు. లోపల్లోపలే పెరుగుతుంది. కొన్ని గంటల్లో పొగ వస్తుంది. ఆ తర్వాత గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. నిప్పురవ్వ అక్కర్లేదు.

ఇది బెదిరించడానికి చెప్పే మాట కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అని 38 అంతస్తుల ఆఫీసు భవనం ఉండేది. అందులో 22వ అంతస్తులో గోడల చెక్కపలకలకు మెరుగు పెట్టే పని జరుగుతోంది. అవిసె నూనె గుడ్డలు అక్కడే వదిలేశారు. 1991 ఫిబ్రవరి 23, శనివారం రాత్రి ఆ గుడ్డలు అంటుకున్నాయి. పద్దెనిమిది గంటలకు పైగా భవనం తగలబడింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. 30వ అంతస్తులో నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండబట్టి మంట అక్కడికి వచ్చి ఆగింది. ఇంత ఘోరానికీ మొదలు నూనె గుడ్డలు.

మన ఇళ్ళలో ఏం చేస్తాం? నూనె గుడ్డను కాగితాలున్న చెత్తబుట్టలో పడేస్తాం. అలా చేయకండి. పని అవగానే గుడ్డను పూర్తిగా విప్పి, మడత లేకుండా, ఆరుబయట దండెం మీద ఆరేయండి. ఒకదాని మీద ఒకటి వేయకండి. రెండు మూడు రోజులకు అట్టలా బిగుసుకుపోతుంది. అప్పుడు పారేయవచ్చు. ఆరేసే చోటు లేకపోతే, నీళ్ళు పోసిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి. మళ్ళీ చెబుతున్నాను. నూనె గుడ్డను ఉండచుట్టకూడదు. విప్పి ఆరేయాలి, లేదా నీళ్ళలో ముంచాలి.

ఇంట్లో రంగు వేసిన పాత ఉయ్యాల, చెక్క గుర్రం లాంటివి ఉన్నవాళ్ళకు ఒక మాట. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఎక్కువే ఉండవచ్చు. కాబట్టి పాత రంగును ఉప్పు కాగితంతో గీకి నూనె రాద్దామని కూర్చోకండి. ఆ పొడి పీలిస్తే పిల్లలకు చాలా హాని. రంగు వేయని చెక్కతోనే మొదలుపెట్టండి.

నూనె పట్టించాక చేతికి ఇంకా మృదువుగా తగలాలంటే తేనె మైనం కలుపుకోవచ్చు. నాలుగు పాళ్ళ అవిసె నూనెకు ఒక పాలు మైనం, తూకం ప్రకారం. గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టకండి. వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. చల్లారితే లేపనంలా అవుతుంది. గోరంత తీసుకుని పీటకు రుద్ది, గుడ్డతో మెరుగు పెట్టండి. ఆ గుడ్డ విషయంలోనూ ఇందాక చెప్పిన జాగ్రత్తే. కొవ్వొత్తి మైనం వేరు, తేనె మైనం వేరు. అడిగి కొనుక్కోండి.

అన్ని వారాలు ఆగే ఓపిక లేనివాళ్ళకు ఇంకో దారి ఉంది. మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ దొరుకుతుంది. విరేచనం సాఫీగా కావడానికి తాగిస్తారే, అదే. రంగు లేదు, వాసన లేదు, కంపు కొట్టదు. రాసి తుడిచి ఆ పూటే వాడుకోవచ్చు. కాకపోతే అది చెట్టు నూనె కాదు, పెట్రోలియం నుంచి వచ్చింది. ఎప్పటికీ గట్టిపడదు. అందుకని నెలకోసారైనా మళ్ళీ రాస్తూ ఉండాలి.

అవిసె నూనె అన్నిటికీ సర్వరోగ నివారిణి కాదు. చెదలను ఆపదు. వానకు తడిసే వీధి తలుపుకు ఒక్క ఈ నూనె రాసి వదిలేస్తే బూజు నల్లగా పడుతుంది. తెల్లటి చెక్క కాలం గడిచేకొద్దీ పసుపుపచ్చగా మారుతుంది. ఇక నూనె పట్టించిన పీటయినా, గరిటెయినా నీళ్ళ తొట్లో నానబెట్టకూడదు. కడిగిన వెంటనే తుడిచి, గాలి తగిలేలా నిలబెట్టాలి. ఏడాదికోసారి, మళ్ళీ వెలిసినట్టు కనిపించినప్పుడు, ఒక్క పూత రాసుకుంటే సరిపోతుంది.

శ్రోతలారా, చెప్పినదంతా మరొక్కసారి. నూనె ఏదంటే, ఏమీ కలపని పచ్చి అవిసె నూనె. పద్ధతి ఏదంటే, పలచగా రాయడం, తుడిచేయడం, ఆగడం. జాగ్రత్త ఏదంటే, నూనె గుడ్డను ఉండచుట్టకుండా విప్పి ఆరేయడం.

పెద్ద సామానుతో మొదలుపెట్టకండి. ఈ ఆదివారం మీ ఇంట్లో అన్నిటికన్నా వెలిసిపోయిన గరిటె ఒకటి తీయండి. దానికి అరచెంచా నూనె చాలు. చేయి కుదిరాక పీట పట్టుకోవచ్చు, పప్పుగుత్తి పట్టుకోవచ్చు. పిల్లల బ్యాటు వాళ్ళే తెచ్చి మీ ముందు పెడతారు. దానికీ పలచగానే రాయండి.